నానో జింక్: లీటరుకు ఒక గ్రామైతే మేలు.. రెండు గ్రాములైతే నష్టం! రేణువు సైజు, ఆకారం జీవకణాన్ని ఏం చేస్తాయంటే..

- జింక్ ఒక్కటే.. కానీ రేణువు ఎంత చిన్నదైతే దాని ప్రభావం అంత ఎక్కువ
- తిరుపతిలో వేరుశనగపై పరిశోధన.. 1000 పీపీఎం దగ్గర మేలు, 2000 పీపీఎం దగ్గర ఎదురుదెబ్బ
- బ్యాక్టీరియా, ఊపిరితిత్తుల కణాలు, చెరువులో నాచు.. ఒక్కోదానిపై ఒక్కో తీరు
- నానో సీసా కొనే ముందు, పంపులో పోసే ముందు రైతులు చూసుకోవాల్సినవి ఇవే

ఎల్లంతకుంట (రాజన్న సిరిసిల్ల జిల్లా): వరి నాట్లు వేసి రెండు మూడు వారాలు దాటింది. పొలమంతా పచ్చగా కమ్ముకోవాల్సిన టైమ్. కానీ అక్కడక్కడ మడి ఎర్రబారుతుంది. ముదురు ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు. లేత ఆకు మొదట్లో మధ్య ఈనె పాలిపోతుంది. మొక్క గిడసబారుతుంది, పిలకలు తగ్గుతాయి. యూరియా వేసినా పైరు కోలుకోదు.

ఇది తెగులు కాదు, పురుగు కాదు. జింక్ లోపం. వరి పండించే ఊళ్లలో రైతులకు ఇది పాత సమస్యే. దేశవ్యాప్తంగా పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింక్ తక్కువగా ఉన్నట్లు తేలింది.

దీనికి ఇన్నాళ్లూ ఉన్న మందు జింక్ సల్ఫేట్. ఇప్పుడు దాని పక్కనే ‘నానో జింక్’ అనే మాట కూడా వినిపిస్తోంది. 2024లో కేంద్ర ప్రభుత్వం నానో జింక్ ద్రవాన్ని ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చింది. కొంచెం చాలు, ఎక్కువ పని చేస్తుందన్నది నానో గురించి వినిపించే మాట. అది నిజమేనా? నిజమైతే, తక్కువతోనే అంత పని చేసే పదార్థం మొక్క కణంలో, మనిషి కణంలో, చెరువు నీళ్లలో ఇంకేం చేస్తుంది? వివరంగా చూద్దాం.

అసలు నానో అంటే ఎంత?

మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క.. ఒక నానోమీటర్. సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉండే రేణువులను నానో రేణువులు అంటారు. మన తల వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు. అంటే 25 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ రేణువులను పక్కపక్కన పేరిస్తే, ఒక్క వెంట్రుక అడ్డంలో మూడు వేలకు పైగా పడతాయి.

జింక్ ఆక్సైడ్ మనకు కొత్త పదార్థమేమీ కాదు. దురదకు పూసే గులాబీ రంగు కాలమైన్ లోషన్‌లో అదే ఉంటుంది. పసిపిల్లలకు డైపర్ ఒరుసుకుంటే రాసే తెల్లటి క్రీముల్లోనూ, ఎండకు పూసుకునే సన్‌స్క్రీన్లలోనూ ఉంటుంది. పదార్థం పాతదే. సైజు మాత్రమే కొత్త.

సైజు తగ్గితే ఏం మారుతుంది?

గళ్ల ఉప్పు, మెత్తటి ఉప్పు రెండూ ఉప్పే. కానీ మజ్జిగలో వేస్తే మెత్తటి ఉప్పు చిటికెలో కరుగుతుంది, గళ్ల ఉప్పు అడుగున కూర్చుంటుంది. నానో కథ కూడా ఇక్కడే మొదలవుతుంది.

ఒక గ్రాము జింక్ ఆక్సైడ్ తీసుకుందాం. అందులోని రేణువులు గుండ్రంగా, ఒక్కోటి 1000 నానోమీటర్లు ఉంటే, వాటన్నిటి పైభాగాన్ని పరిచి కొలిస్తే దాదాపు గజంన్నర లోపే. అదే గ్రామును 25 నానోమీటర్ల రేణువులుగా చేస్తే? దాదాపు 51 గజాలు! ఒక చిన్న ఇంటి జాగా అంత. 10 నానోమీటర్లకు దిగితే అది 128 గజాలు అవుతుంది.

బరువు మారలేదు. జింక్ పెరగలేదు. కానీ నీళ్లకు, ఆకుకు, కణానికి తగిలే పైభాగం మాత్రం పదుల రెట్లు పెరిగింది. రేణువు కరిగినా, కణానికి అంటుకున్నా, రసాయన చర్య జరిపినా అన్నీ ఈ పైభాగం మీదే. అందుకే చిన్న రేణువు త్వరగా కరుగుతుంది, గట్టిగా పని చేస్తుంది. మేలుకైనా అంతే, కీడుకైనా అంతే.

తిరుపతి పల్లి చేనులో ఏం తేలింది?

దీనికి మన తెలుగు నేల మీదే మంచి ఉదాహరణ ఉంది. తిరుపతిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో టీఎన్‌వీకేవీ ప్రసాద్, ఆయన సహచరులు వేరుశనగ మీద నానో జింక్ ఆక్సైడ్‌ను పరీక్షించారు. ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ టి.ప్రదీప్ కూడా ఈ బృందంలో ఉన్నారు. ఫలితాలు 2012లో ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి.

వాళ్లు వాడిన రేణువుల సగటు సైజు 25 నానోమీటర్లు. వాటిని నీళ్లలో కలిపి వేరుశనగ విత్తనాలకు పట్టించారు. 1000 పీపీఎం, అంటే లీటరుకు ఒక గ్రాము చొప్పున వాడినప్పుడు మొలక బాగా వచ్చింది. మొక్క త్వరగా నిలదొక్కుకుంది. పూత ముందే వచ్చింది. ఆకుల్లో పచ్చదనం పెరిగింది.

తర్వాత పొలంలో చూశారు. 2008-09, 2009-10 యాసంగి సీజన్లలో ఆకుల మీద పిచికారీ చేశారు. మామూలుగా సిఫార్సు చేసే చీలేటెడ్ జింక్ సల్ఫేట్ మోతాదులో 15వ వంతు మాత్రమే వాడారు. అయినా ఆ చీలేటెడ్ జింక్ వాడిన పంటతో పోలిస్తే కాయ దిగుబడి మొదటి ఏడాది 29.5 శాతం, రెండో ఏడాది 26.3 శాతం ఎక్కువగా వచ్చింది.

ఇక్కడి వరకు వింటే నానో అద్భుతమనే అనిపిస్తుంది. కానీ అదే పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. మోతాదు 2000 పీపీఎంకు పెంచగానే ఫలితం తిరగబడింది. ఎదుగుదల దెబ్బతింది. అంటే లీటరుకు ఒక గ్రాము దగ్గర మేలు, రెండు గ్రాముల దగ్గర నష్టం. వీటిని ఆచితూచి వాడాలని శాస్త్రవేత్తలే తమ పత్రంలో హెచ్చరించారు.

చేతి అలవాటే ప్రమాదం

ఈ ‘రెండు గ్రాములు’ అన్న అంకె దగ్గర రైతులు ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే వరిలో జింక్ లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదారు రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చేయాలన్నది ఎప్పటి నుంచో ఉన్న సిఫార్సు. చేయి ఆ లెక్కకు అలవాటు పడిపోయింది.

మామూలు జింక్ సల్ఫేట్‌లో ఉండే జింక్ 21 శాతం. అంటే 2 గ్రాముల్లో 0.42 గ్రాములే. అదే జింక్ ఆక్సైడ్‌లో జింక్ దాదాపు 80 శాతం. 2 గ్రాముల్లో 1.6 గ్రాములు. అంటే దాదాపు నాలుగు రెట్లు. పైగా నానో సైజు. ‘జింకే కదా’ అని పాత లెక్కనే నానో పొడికి వర్తింపజేస్తే పైరు మీద ఎంత భారం పడుతుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. విత్తనానికి పట్టించే మోతాదు వేరు, ఆకు మీద కొట్టే మోతాదు వేరు. ఒక పంటకు తేలిన అంకె ఇంకో పంటకు పనికిరాదు. లేబుల్ మీద ఉన్న మోతాదే ఆధారం.

కణం లోపల ఏం జరుగుతుంది?

జింక్ లేకుండా ఏ జీవకణమూ బతకదు. మన ఒంట్లో 300కు పైగా ఎంజైములకు అది కావాలి. మొక్కలో ఎదుగుదల హార్మోన్ తయారీకి కూడా కావాలి. కానీ కణానికి కావాల్సింది లెక్క ప్రకారం. ఎక్కువైతే అదే విషం. జింక్ ఆక్సైడ్ రేణువు కణాన్ని ముఖ్యంగా మూడు రకాలుగా దెబ్బతీస్తుంది.

ఒకటి, కరిగి జింక్‌ను వదలడం. మనిషి కణం బయటి నుంచి వచ్చిన రేణువును మింగి, లోపల ఉన్న ఆమ్లపు సంచిలో పడేస్తుంది. దీన్ని లైసోజోమ్ అంటారు. అది కణానికి జీర్ణాశయం లాంటిది. జింక్ ఆక్సైడ్ మామూలు నీటిలో నెమ్మదిగా కరుగుతుంది, ఆమ్లంలో గబగబా కరిగిపోతుంది. దాంతో కణం లోపల ఒక్కసారిగా జింక్ వరద. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. కణం చనిపోవచ్చు.

రెండు, చురుకైన ఆక్సిజన్ రూపాలు పుట్టించడం. రేణువు పైభాగం మీద, ముఖ్యంగా వెలుతురు తగిలినప్పుడు ఇవి పుడతాయి. ఇవి కణంలోని కొవ్వులను, ప్రొటీన్లను, డీఎన్‌ఏను పాడు చేస్తాయి.

మూడు, నేరుగా తగలడం. రేణువు కణం పొరకు అంటుకుని, దాన్ని చీల్చడం లేదా బలహీనపరచడం.

ఈ మూడింటిలోనూ సైజుకు పాత్ర ఉంది. ఆకారానికి కూడా ఉంది.

గుండ్రమా, కడ్డీనా, పువ్వా?

జింక్ ఆక్సైడ్ నానో రేణువులు అన్నీ గోళీల్లా గుండ్రంగా ఉండవు. తయారీలో వాడే ద్రావణం, వేడి, సమయం మారిస్తే కడ్డీల్లా, సూదుల్లా, పలకల్లా, చివరికి పువ్వుల్లా కూడా వస్తాయి. గోళీ ఒంటికి తగిలితే జారిపోతుంది. పల్లేరు కాయ తగిలితే గుచ్చుకుంటుంది. జీవకణానికీ దాదాపు అదే తేడా.

2011లో వచ్చిన ఒక తైవాన్ పరిశోధనలో మనిషి ఊపిరితిత్తుల కణాలపై రెండు ఆకారాలను పోల్చి చూశారు. గుండ్రటి రేణువుల కంటే కడ్డీ ఆకారపు రేణువులే ఎక్కువ హాని చేశాయి. 2013లో వచ్చిన ఇంకో పరిశోధనలో బ్యాక్టీరియాపై మూడు ఆకారాలను పరీక్షించారు. పువ్వు ఆకారపు రేణువులు కడ్డీల కంటే, గుండ్రటి వాటి కంటే బాగా బ్యాక్టీరియాను చంపాయి.

ఆకారం మారితే పైకి తేలే స్ఫటికపు ముఖాలు మారతాయి. వాటిలో కొన్ని ముఖాలు ఎక్కువ చురుకుగా ఉంటాయి. మొనలు, అంచులు ఎక్కువైతే కరగడం, రసాయన చర్యలు పెరుగుతాయి. పొడవాటి కడ్డీలను కణం మింగడం, బయటికి పంపడం కూడా కష్టం.

బ్యాక్టీరియాకు గండం.. మనిషి కణానికి?

అమెరికాలోని బోయిసీ స్టేట్ యూనివర్సిటీలో కె.ఎం.రెడ్డి, ఆయన సహచరులు 2007లో ఒక ఆసక్తికరమైన ఫలితం ప్రకటించారు. దాదాపు 13 నానోమీటర్ల జింక్ ఆక్సైడ్ రేణువులు ఈ.కోలి, స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాల ఎదుగుదలను పూర్తిగా ఆపేశాయి. అదే మోతాదులో మనిషి రోగనిరోధక టీ-కణాలపై ప్రభావం చాలా తక్కువ. అంటే ఒకే రేణువు ఒక జీవికి గండం, ఇంకో జీవికి దాదాపు ఏమీ కాదు.

కానీ ఇది పూర్తి భరోసా కాదు. అదే యూనివర్సిటీ బృందం తర్వాత 4 నుంచి 20 నానోమీటర్ల మధ్య వేర్వేరు సైజులను రోగనిరోధక కణాలపై పరీక్షించింది. సైజు తగ్గేకొద్దీ హాని పెరిగింది. పైగా అన్ని రకాల రోగనిరోధక కణాలూ ఒకేలా స్పందించలేదు. కొన్ని రకాలు త్వరగా చనిపోయాయి.

బ్యాక్టీరియాను చంపే ఈ గుణం వల్లే నూలు గుడ్డకు నానో జింక్ ఆక్సైడ్ పూత వేసే ప్రయోగాలు చాలా జరిగాయి. చెమట వాసన రాకుండా, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలకుండా ఆ గుడ్డ ఆపుతుంది. మరమగ్గాల సిరిసిల్లకు ఇది పట్టించుకోవాల్సిన సంగతే. అయితే ఆ పూత ఎన్ని ఉతుకుల వరకు నిలుస్తుంది, ఉతికిన నీళ్లు ఎటు పోతాయి అన్నవి కూడా దానితో పాటే వచ్చే ప్రశ్నలు.

చెరువు నీళ్లలో సైజు లెక్క తప్పింది!

చిన్నదైతే ఎక్కువ హాని అన్న సూత్రం అన్నిచోట్లా పని చేయదు. 2007లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు మంచినీటి నాచుపై నానో జింక్ ఆక్సైడ్‌ను, మామూలు జింక్ ఆక్సైడ్‌ను, కరిగిన జింక్ లవణాన్ని పోల్చి చూశారు. మూడూ దాదాపు ఒకే మోతాదులో నాచును దెబ్బతీశాయి. కారణం, అక్కడ పని చేసింది రేణువు కాదు, కరిగి నీళ్లలో కలిసిన జింక్. లీటరుకు దాదాపు 60 మైక్రోగ్రాములకే నాచు ఎదుగుదల సగానికి పడిపోయింది.

60 మైక్రోగ్రాములంటే ఎంత? ఒక్క గ్రాము జింక్ పూర్తిగా కరిగితే 16 వేల లీటర్లకు పైగా నీళ్లను ఆ స్థాయికి తేవడానికి సరిపోతుంది. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి పైనే. నిజం చెరువులో బురద, కుళ్లిన ఆకులు కొంత జింక్‌ను పట్టేసుకుంటాయి కాబట్టి ప్రభావం ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా నాచే చెరువులో చేపల తిండికి మొదటి మెట్టు. ఎల్లంతకుంట మండలంలోనే అనంతగిరి దగ్గర అన్నపూర్ణ జలాశయం ఉంది. ఊరూరా చెరువులు, కుంటలు ఉన్నాయి. పంపు, డబ్బా వాటిలో కడగొద్దని చెప్పేది ఇందుకే.

పంపులో పోశాక నానో నానోగానే ఉంటుందా?

ఇది చాలామందికి తెలియని పాయింట్. లేబుల్ మీద ఉన్న సైజు తయారైనప్పటి సైజు. నీళ్లలో కలిపాక రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. నీళ్లలో ఉప్పులు ఎక్కువుంటే ఇంకా త్వరగా. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లలో కలిపితే 25 నానోమీటర్ల రేణువులు వందల నానోమీటర్ల గుంపులుగా మారిపోవచ్చు. అప్పుడు నానో పేరే మిగులుతుంది, నానో గుణం తగ్గిపోతుంది. రేణువులు ముద్ద కట్టకుండా తయారీదారులు పైపూత వేయడం ఇందుకే. సీసాను బాగా ఊపి కలపమనేది కూడా ఇందుకే.

ఇంకో సంగతి. మొక్క కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది. దానిలోని సందులు సాధారణంగా 5 నుంచి 20 నానోమీటర్లే. అందుకే ఆకు మీద పడిన రేణువుల్లో చాలావరకు నేరుగా కణంలోకి దూరవు. ఆకు మీద, పత్రరంధ్రాల్లో నిలిచి, కొద్దికొద్దిగా కరిగి జింక్‌ను అందిస్తాయి. మెల్లగా అందడం మొక్కకు మంచిదే. మోతాదు మించినప్పుడే ఇబ్బంది.

మరి 20 కిలోల జింక్ సల్ఫేట్‌కు నానో సీసా సాటి వస్తుందా?

రాదు. ఇది లెక్క వేస్తే తేలిపోతుంది. దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే నేలలో పడే జింక్ 4.2 కిలోలు. అది ఆ పంటతో అయిపోదు, తర్వాతి పంటలకూ కొంత మిగులుతుంది. సీసాలో ఉండేది గ్రాముల్లో. ఉదాహరణకు 500 మిల్లీలీటర్ల సీసాలో 1 శాతం జింక్ ఉందనుకుంటే అది 5 గ్రాములే. ఆకు మీద లోపాన్ని సరిచేయడానికి అది పనికి రావచ్చు. నేలలో ఖాళీ అయిన జింక్‌ను మాత్రం నింపలేదు. సీసా ప్రథమ చికిత్స లాంటిది. నేలకు తిండి వేరే పెట్టాలి.

వరిలో ఈ లోపం సంగతి తెలిసింది కూడా ఎంతో కాలం కింద కాదు. 1960ల మధ్యలో ఉత్తరాదిన పంత్‌నగర్‌లో వై.ఎల్.నేనే అనే శాస్త్రవేత్త ‘ఖైరా’ అనే వరి జబ్బుకు కారణం క్రిమి కాదు, జింక్ లోపమని తేల్చారు. ఆయనే తర్వాత మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఏళ్ల తరబడి పని చేశారు. ఇప్పుడు హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ బియ్యంలోనే జింక్ ఎక్కువగా ఉండే డీఆర్‌ఆర్ ధాన్ 45 లాంటి రకాలను తెచ్చింది. అంటే జింక్ సమస్యకు నానో ఒక దారి, అదొక్కటే దారి కాదు.

పిచికారీ చేసేవాళ్లకు జాగ్రత్త

చర్మం సంగతి కొంత ఊరట. గాయం లేని చర్మం గుండా జింక్ ఆక్సైడ్ రేణువులు లోపలికి వెళ్లడం చాలా తక్కువ. అందుకే యూరప్‌లో సన్‌స్క్రీన్లలో నానో జింక్ ఆక్సైడ్‌ను 25 శాతం వరకు అనుమతించారు. కానీ పీల్చే అవకాశం ఉన్న స్ప్రే రూపంలో మాత్రం వద్దన్నారు. అసలు తేడా అక్కడే ఉంది. చర్మం వేరు, ఊపిరితిత్తి వేరు.

గాల్వనైజ్డ్ ఇనుమును వెల్డింగ్ చేసేవాళ్లకు ఇది అనుభవమే. ఆ పొగలో ఉండే సన్నటి జింక్ ఆక్సైడ్ పీలిస్తే కొన్ని గంటల్లో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతాయి. పొలంలో ద్రవం పిచికారీ చేయడం ఆ పొగంత తీవ్రం కాదు. అయినా మంచులా లేచే తుంపర ముక్కులోకి పోకుండా చూసుకోవాల్సిందే. పొడి రూపంలో ఉన్నదైతే ఇంకా జాగ్రత్త అవసరం.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

- మచ్చలు కనిపించగానే సీసా కొనొద్దు. ముందు అది జింక్ లోపమేనా, తెగులా అన్నది నిర్ధారించుకోవాలి. మట్టి పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది.
- లేబుల్ మీద జింక్ శాతం, రేణువు సైజు, మోతాదు, పంట పేరు, గడువు తేదీ చూడాలి. ఇవి లేని సీసా మీద ‘నానో’ అని ఎంత పెద్దగా రాసినా నమ్మొద్దు. బిల్లు తీసుకోవాలి.
- చెప్పిన మోతాదు దాటొద్దు. ‘ఇంకో మూత వేస్తే ఇంకా బాగా పని చేస్తుంది’ అన్న లెక్క నానో విషయంలో ఎదురు తిరుగుతుంది.
- సీసా బాగా ఊపి, వీలైనంత ఉప్పదనం లేని నీళ్లలో కలపాలి. కలిపింది ఆ పూటే కొట్టాలి. వేరే మందులతో కలిపే ముందు అడిగి తెలుసుకోవాలి.
- ముక్కుకు, నోటికి మాస్క్, చేతులకు గ్లౌజులు. గాలికి ఎదురుగా కొట్టొద్దు.
- పంపు, సీసాలు చెరువులో, కాలువలో కడగొద్దు.
- ముందు ఒక మడిలో కొట్టి, వారం చూసి, తర్వాత మిగతా పొలానికి వెళ్లడం మేలు.

సందేహం ఉంటే ఊళ్లోని రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగొచ్చు. ఉత్తర తెలంగాణ రైతులకు జగిత్యాల దగ్గర పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కూడా అందుబాటులో ఉంది.

మొత్తంగా చూస్తే, నానో జింక్ మాయ కాదు, మోసం కూడా కాదు. అది అదే జింక్, పైభాగం మాత్రం పదుల రెట్లు ఎక్కువ. సైజు, ఆకారం, మోతాదు.. ఈ మూడూ కుదిరితే మొక్కకు బలం. ఒక్కటి తప్పినా అదే జింక్ ఎదురు తిరుగుతుంది. తిరుపతి పరిశోధనలో ఆ రెండింటి మధ్య ఉన్న తేడా.. లీటరు నీటికి ఒక్క గ్రాము.